వంగే పళ్ల సెట్టుకి రీలైన్: ఏ ప్లాస్టిక్‌కి ఏది పడుతుంది

రీలైన్ అంటే వదులైన సెట్టు లోపలి వైపు కొత్త పొర వేసి బిగువు తేవడం. ఫ్లెక్సిబుల్ (వంగే) సెట్టు వదులైందని తెస్తే, లోపల మామూలు సెల్ఫ్ క్యూర్, అంటే వేడి లేకుండా తనంతట తానే గట్టిపడే యాక్రిలిక్ రెజిన్, కలిపి పోసేసి, నోట్లో పెట్టి, గట్టిపడ్డాక తీసి అంచులు సాఫు చేసి ఇచ్చేసేవాళ్లు మన వైపు చాలామందే ఉన్నారు. ఆ పూటకి బాగానే ఉంటుంది. కొన్నాళ్లకి ఆ పొర అప్పడంలా ఒక్క ముక్కగా చేతిలోకి వచ్చేస్తుంది. అప్పుడు రెజిన్ మంచిది కాదంటారు, లేదంటే పేషెంటు సరిగ్గా వాడలేదంటారు. రెండూ కాదు. నైలాన్‌కి యాక్రిలిక్ అంటుకోదు. ఎంత ఖరీదైన రెజిన్ తెచ్చినా నేరుగా పోస్తే అంటుకోదు.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం చుట్టుపక్కల పనిచేసేవాళ్లకి దీనికి తోడు ఇంకో తలనొప్పి ఉంది. సెట్టు ఎక్కడ కట్టారో, దేంతో కట్టారో తెలీదు. ఒకరు విశాఖలో కట్టించుకుంటారు, ఇంకొకరు బరంపురంలో, కొడుకు సూరత్‌లో మిల్లు పనికి పోతే తల్లికి అక్కడే కట్టించి తీసుకొస్తాడు. కార్డు ఉండదు, బిల్లు ఉండదు. "మెత్తటిదంట బాబూ, కింద పడినా విరగదని చెప్పి కట్టారు" అని మామ్మ చెప్పే ఆ ఒక్క ముక్కే మనకి దొరికే సమాచారం. అందుకే రీలైన్ డబ్బా మూత తీసేముందు ఆ ప్లాస్టిక్ ఏదో తేల్చుకోవాలి. అది తేలితే సగం పని అయినట్టే, తేల్చుకోకుండా మొదలుపెడితే ఎన్ని జాగ్రత్తలు పడినా దండగ.

మామూలు యాక్రిలిక్ ప్లేటుకి రీలైన్ ఎందుకు పడుతుందంటే, లిక్విడ్‌లో ఉన్న మోనోమర్ (గట్టిపడి యాక్రిలిక్ అయ్యే ద్రవం) పాత ప్లేటు పైపొరని కొంచెం కరిగించి, ఉబ్బించి, లోపలికి దిగుతుంది. తర్వాత అక్కడే గట్టిపడి పాతదీ కొత్తదీ ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోతాయి. నైలాన్ అలా కాదు. దాని గొలుసులు ఒకదానికొకటి హైడ్రోజన్ బంధాలతో గట్టిగా పట్టుకుని, చాలా చోట్ల స్ఫటికంలా వరసగా పేర్చుకుని ఉంటాయి కాబట్టి మోనోమర్ లోపలికి దూరలేదు. పైన కూర్చుంటుంది, గట్టిపడుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. ఫ్లెక్సిబుల్ సెట్లలో పళ్లకి అడుగున టీ ఆకారంలో రంధ్రం తొలిచి, నైలాన్ అందులోకి దూరి గడియ పడేలా చేసేది కూడా ఇందుకే. పంటికే అంటుకోని నైలాన్ రీలైన్ పొరకి మాత్రం ఎందుకు అంటుకుంటుంది?

ఇంకొక సంగతి చాలామంది పట్టించుకోరు. ఒకవేళ ఏదో చేసి అంటించినా, నైలాన్ వంగుతుంది, లోపల వేసిన గట్టి యాక్రిలిక్ వంగదు. పేషెంటు రోజూ సెట్టుని కొంచెం మెలిపెట్టి పంటి కింద పట్టించుకుంటారు, మెలిపెట్టి తీస్తారు. ఆ వంపు మొత్తం రెండు పొరల మధ్య గీత మీదే పడుతుంది. అంచు దగ్గర వెంట్రుకంత సందు వస్తుంది, అందులోకి లాలాజలం, గుడాకు (పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద) నలుపు చేరతాయి, అక్కడి నుంచి లేవడం మొదలవుతుంది. కాబట్టి ఎంత గట్టిగా అంటించాం అని చూస్తే సరిపోదు, ఆ చోట ప్లేటు ఎంత వంగుతుంది అని కూడా చూడాలి. నైలాన్ క్లాస్ప్ (పక్క పంటిని పట్టుకునే కొక్కెం) వేళ్ల కిందా, సన్నటి అంచుల మీదా గట్టి రీలైన్ వేయకండి. వెడల్పుగా, మందంగా, పెద్దగా వంగని చోట మాత్రమే దానికి బతుకు ఉంటుంది.

ప్లాస్టిక్ ఏదో పట్టుకోవడం

ముందు వేళ్లతో వంచి చూడండి. బాగా వంగి, వదలగానే మళ్లీ అదే ఆకారానికి వస్తే దాదాపు నైలానే, అంటే పాలీఅమైడ్. వాల్‌ప్లాస్ట్ లాంటివన్నీ ఈ జాతే, 1950ల నుంచీ ఉన్నాయి. కొంచెమే వంగి, గట్టిగా ఉండి, పడితే విరగనిదైతే పాలీకార్బొనేట్ కావచ్చు, పాలియెస్టర్ కావచ్చు. పంటి రంగులో తెల్లటి క్లాస్ప్‌లు మాత్రమే ఉండి ప్లేటు వేరే రకమైతే ఆ క్లాస్ప్ అసిటల్ అయ్యే అవకాశం ఎక్కువ. పేరు ఫ్లెక్సిబుల్ అని చెప్పినా వంచితే టక్కుమనేలా ఉంటే అది ఇంజెక్షన్ మెషిన్‌లో పోసిన యాక్రిలికే కావచ్చు. అదైతే టెన్షన్ లేదు.

తర్వాత మోనోమర్ చుక్క. ప్లేటు లోపలి వైపు, ఎలాగూ రుద్దేయబోయే చోట, ఒక చుక్క వేసి నిమిషం ఆగి ప్రోబ్ (పళ్లు చూసే సన్నటి కొక్కెం) మొనతో గీయండి. యాక్రిలిక్ అయితే జిగురుగా తగిలి గీత పడుతుంది. పాలీకార్బొనేట్ మసకబారి మెత్తబడుతుంది. నైలాన్ మీద ఆ చుక్క అలాగే ఆవిరైపోతుంది, తుడిస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. అసిటల్, పాలీప్రొపిలీన్ కూడా అంతే, చలించవు.

ఇంకా అనుమానం ఉంటే ఉప్పునీళ్ల పరీక్ష, దీనికి రూపాయి ఖర్చు లేదు. అంచు నుంచి గోరు చివరంత ముక్క కోసుకోండి. గ్లాసుడు నీళ్లలో, అంటే సుమారు 200 మిల్లీలీటర్లలో, 40 గ్రాముల ఉప్పు పూర్తిగా కలపండి. ముక్కకి ఒక చుక్క సబ్బు నీళ్లు రాసి ముంచండి, లేకపోతే గాలి బుడగలు పట్టుకుని అబద్ధం చెబుతాయి. పళ్ల సెట్లలో ఎక్కువగా వాడే నైలాన్-12 రకం సాంద్రత 1.02 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఆ నీళ్లలో తేలుతుంది. యాక్రిలిక్ 1.18, పాలీకార్బొనేట్ 1.2, అసిటల్ 1.4, ఇవన్నీ మునుగుతాయి. ఉప్పు లేని మామూలు నీళ్లలోనే తేలితే అది పాలీప్రొపిలీన్. పన్ను కలవని ముక్కతోనే చేయండి, పన్ను ఉంటే లెక్క తప్పుతుంది.

నోరు చూడకుండా రీలైన్ వద్దు

ఇది డాక్టర్ గారు చూసేదే, కానీ ల్యాబ్ వాళ్లకి కూడా తెలిసి ఉండాలి. శ్రీకాకుళం సరిహద్దు వైపు, గజపతి జిల్లా పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లలో అడ్డచుట్ట అలవాటు ఇంకా ఉంది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. పై సెట్టు వదులైందని వచ్చిన మామ్మకి అంగిట్లో తెల్లటి మందపు మచ్చ, ఎర్రటి చోటు, మానని పుండు ఏదైనా కనిపిస్తే రీలైన్ మాట పక్కన పెట్టి ముందు దాన్ని చూపించాలి. అడ్డచుట్టకీ అంగిటి క్యాన్సర్‌కీ సంబంధం ఉందని ఎప్పుడో తేలింది. పుండు మీద కొత్త పొర కప్పేస్తే అది కనపడకుండా పోతుంది, అంతకంటే అన్యాయం ఇంకోటి లేదు.

పుండ్లు లేకపోయినా వదులు సెట్టు రాసుకుని చిగుళ్లు వాచి ఉంటాయి. వాచిన చిగురు మీద కొలత తీస్తే, వాపు తగ్గాక సెట్టు మళ్లీ వదులే. కనీసం ముందు రాత్రంతా సెట్టు తీసి ఉంచమనండి, బాగా ఎర్రగా ఉంటే ఇంకొన్నాళ్లు ఆగండి.

గుడాకు వాడేవాళ్ల సెట్టు అయితే లోపల నల్లటి జిడ్డు పొర ఉంటుంది. అది పోకుండా రుద్దడం మొదలుపెడితే ఆ జిడ్డునే గీతల్లోకి నూరినట్టు అవుతుంది. ముందు మెత్తటి బ్రష్, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే బర్ (తిరుగుతూ రుద్దే పళ్ల మొన) పట్టండి.

నైలాన్‌కి అసలు దారి: మళ్లీ నైలానే పోయడం

నన్నడిగితే పాలీఅమైడ్ సెట్టుకి నాలుగు కాలాలు ఉండే రీలైన్ ఇదొక్కటే. పేషెంటు కుర్చీ పక్కన అప్పటికప్పుడు అయ్యే పని కాదు, ఇంజెక్షన్ మెషిన్ ఉన్న ల్యాబ్ కావాలి, అది లేకపోతే బస్సు పార్సిల్‌లో విశాఖకో బరంపురానికో పంపాలి. అన్ని రోజులు పళ్లు లేకుండా ఎలా అని పేషెంటు గునుస్తారు, అందుకే తేదీ ముందే చెప్పేయండి.

సెట్టు లోపలి వైపు ఒక మిల్లీమీటరున్నర దాకా రుద్ది జాగా చేయండి, అంచులు కూడా కొంచెం తగ్గించండి. జాగా చాలకపోతే కరిగిన నైలాన్ సన్నటి సందులోకి పారేలోపే చల్లబడి ఆగిపోతుంది, సగం చోట్ల పొర రాదు. రుద్దేటప్పుడు స్పీడు తక్కువగా, పదునైన కార్బైడ్ బర్‌తో, చేయి ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. నైలాన్ యాక్రిలిక్‌లా పొడిగా రాలదు. స్పీడు ఎక్కువైతే కరిగి బర్ పళ్లకి చుట్టుకుంటుంది, ప్లేటు మీద దూది రేగినట్టు పీచు లేస్తుంది. ఆ పీచు చూడ్డానికి గరుకుగా ఉందనిపిస్తుంది, పట్టు ఇస్తుందనుకుంటారు, కానీ దాని మొదలు ఊగుతూనే ఉంటుంది. కొత్త బ్లేడుతో అడుగుకంటా కోసేయండి.

తర్వాత ఆ సెట్టునే ట్రేగా వాడి లైట్ బాడీ సిలికాన్‌తో (పలచటి రబ్బరు కొలత ముద్ద) కొలత, పళ్లు కరిపించి, ఎప్పటి కాటులోనే. కాటు సరిచూసుకోకుండా తీస్తే రీలైన్ అయ్యాక ఎత్తు పెరిగి దవడ నొప్పులంటారు. సెట్టులోంచి కొలత తీయకుండానే స్టోన్ (అచ్చు పోసే గట్టి జిప్సం) పోసి, ఫ్లాస్క్‌లో (రెండు సగాల లోహపు అచ్చు పెట్టె) కూర్చోబెట్టి, స్ప్రూ మైనం (కరిగిన నైలాన్ పారే దారి కోసం) పెట్టి రెండో సగం పోయండి. ఫ్లాస్క్ విప్పాక సిలికాన్ మొత్తం తీసేసి, ఇప్పుడు నైలాన్ లోపలి వైపు ఇన్‌వర్టెడ్ కోన్ బర్‌తో లోపలికి వెడల్పయ్యే గుంటలు, గాడులు తొలవండి. పాతదీ కొత్తదీ వేడికి కొంత కలుస్తాయి గానీ అంతా కలుస్తుందని నమ్ముకోవద్దు, గుంటల్లో పడే గడియే అసలు భరోసా.

కార్ట్రిడ్జ్ (నైలాన్ నింపిన గొట్టం) వేడి, ఎంతసేపు అన్నది ఆ కంపెనీ కాగితం ప్రకారమే. నైలాన్ రకాలు చాలావరకు 280 డిగ్రీల చుట్టుపక్కల పోస్తారు, కానీ ఒకదాని టైమింగ్ ఇంకోదానికి పనికిరాదు. ఫ్లాస్క్ చల్లగా ఉంటే పాత నైలాన్ పైపొర మెత్తబడకముందే కొత్తది బిగుసుకుంటుంది, కాబట్టి ఫ్లాస్క్ వెచ్చగా, పూర్తిగా పొడిగా ఉండాలి. పొడి అన్న మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నోట్లో వాడిన నైలాన్ నీళ్లు పీల్చుకుని ఉంటుంది, వానాకాలంలో మన కోస్తా గాలి కూడా ఎప్పుడూ చెమ్మే. ఆ చెమ్మ వేడికి ఆవిరై సరిగ్గా అతుకు దగ్గరే బుడగలు కడుతుంది. కార్ట్రిడ్జ్ కవరు ముందే చింపి బల్ల మీద పెట్టుకోవద్దు. పోశాక ప్రెషర్ వెంటనే వదలకండి, ఫ్లాస్క్‌ని నీళ్లలో ముంచకుండా బల్ల మీదే చల్లారనివ్వండి, లేదంటే సెట్టు మెలిక తిరుగుతుంది.

ప్లేటు మొత్తం రంగు మారి, పీచు లేచి, పాతబడిపోయి ఉంటే లోపలి పొర ఒక్కటే వేయడం కంటే పళ్లు ఉంచుకుని బేస్ మొత్తం కొత్తది పోయడమే మేలు. ఎలాగూ ఫ్లాస్క్ పని అంతే ఉంటుంది.

కుర్చీ పక్కనే కావాలంటే

కొందరికి ల్యాబ్‌కి పంపే వీలు ఉండదు. ఎక్కడో కాశీనగర్ అవతల నుంచి వస్తారు, మళ్లీ రావడమే కష్టం. అప్పుడు నైలాన్ మీద కొంతైనా పట్టు ఇచ్చే పద్ధతి ఒకటుంది, జపాన్‌లో ఫుకుఓకా డెంటల్ కాలేజీ వాళ్లు ఇంజెక్షన్ బేస్‌ల మీద ఇలాంటివన్నీ పోల్చి చూశారు. నైలాన్ మీద సిలికా పూతని కొట్టి, పైన ఫోర్-మెటా (4-META అనే అంటుకునే మోనోమర్) ఉన్న అంటు రెజిన్ రాసి, ఆపైన రీలైన్ వేయడం.

సాండ్ బ్లాస్టర్‌లో (గాలి ఒత్తిడితో పొడిని కొట్టే యంత్రం) మామూలు అల్యూమినా కాదు, సిలికా పూసిన 30 మైక్రాన్ల పొడి కావాలి. ఆ రేణువులు తగిలినచోట వేడికి సిలికా నైలాన్‌లోకి నాటుకుంటుంది. ముందు పైన చెప్పినట్టు రుద్ది, పీచు కోసి, గుంటలు తొలిచి ఉంచుకోండి. సుమారు 10 మిల్లీమీటర్ల దూరం నుంచి, 2.8 బార్ దగ్గర, అన్ని చోట్లా సమానంగా మ్యాట్‌గా కనిపించేదాకా కొట్టండి. మూసిన డబ్బాలోనే, మాస్కుతో. కొట్టేముందు కంప్రెసర్ కింద నీళ్లు వదిలేయండి, చాలామంది ఇది మర్చిపోతారు. మన ఉక్కకి ట్యాంకులో నీళ్లు నిండుతాయి, పైపులోంచి నూనె తుంపరా వస్తుంది, అది పడిందంటే సిలికా కొట్టినా లాభం లేదు. అనుమానం ఉంటే ముందు ఆ గాలిని అద్దం మీదకి ఊది చూడండి, మసక మిగిలితే ఆ గాలి పనికిరాదు.

కొట్టాక వేలు తగలనివ్వొద్దు, నీళ్లతో కడగొద్దు, పొడి గాలి మాత్రం ఊదండి. సిలేన్ (సిలికాకీ రెజిన్‌కీ మధ్య పట్టు ఇచ్చే ద్రవం) పలచగా రాసి కొన్ని నిమిషాలు ఆరనివ్వండి. తర్వాత ఫోర్-మెటా రెజిన్. సూపర్-బాండ్ (ఆ రకం రెజిన్ బ్రాండు) వాడితే నాలుగు చుక్కల మోనోమర్‌కి ఒక చుక్క క్యాటలిస్ట్, చల్లబరిచిన పింగాణీ గిన్నెలో, కలిపిన వెంటనే బ్రష్‌తో పలచగా రాయాలి. మే నెలలో ఏసీ లేని గదిలో గిన్నె చల్లబరచకపోతే రాసేలోపే చిక్కబడుతుంది. ఆ క్యాటలిస్ట్ గాలి తగిలితే వేడెక్కే సరుకు, కారితే టిష్యూ పేపర్‌తో తుడిచి చెత్తబుట్టలో పడేయకండి, నిప్పు దగ్గర పెట్టకండి.

ఆ పొర తడి ఆరకముందే పైన కుర్చీ పక్క రీలైన్ రెజిన్. నోట్లో నేరుగా పెట్టేదానికి మామూలు మోనోమర్ ఉన్న సెల్ఫ్ క్యూర్ వాడొద్దు, చిగురు మండుతుంది, గట్టిపడేటప్పుడు కాలుతుంది. నోటికోసమే చేసిన ఇథైల్ మెథాక్రిలేట్ రకాలు వాడండి. రెజిన్ అంచు దాటి బయటి వైపు రెండు మూడు మిల్లీమీటర్లు చుట్టుకుని వచ్చేలా వేయండి, అంచు దగ్గరే ఆపితే లేవడం అక్కడే మొదలవుతుంది. పక్క పళ్లు ఉన్నవాళ్లకి రబ్బరులా ఉన్నప్పుడే ఒకటి రెండుసార్లు తీసి పెట్టాలి, పూర్తిగా గట్టిపడేదాకా వదిలితే పళ్ల సందుల్లో ఇరుక్కుపోయి కోసి తీయాల్సి వస్తుంది. గ్లోవ్స్ వేసుకున్నామని మోనోమర్‌ని వేళ్లతో తాకకండి, లేటెక్స్‌లోంచి అది దిగుతుంది, ఒకసారి చేతికి ఎలర్జీ పట్టిందంటే ఈ పనే మానుకోవాలి.

ఇంత చేసినా నైలాన్ మీద దీన్ని తాత్కాలికం అనే చెప్పండి.

మిగతా ప్లాస్టిక్‌లు

ఇంజెక్షన్ యాక్రిలిక్ అయితే మామూలు ప్లేటులాగే, రుద్ది, కిట్‌తో వచ్చిన అంటు ద్రవం రాసి వేసేయొచ్చు. పాలీకార్బొనేట్, పాలియెస్టర్ రెండూ నైలాన్ అంత మొండివి కావు, ఫోర్-మెటా రెజిన్ బాగానే పడుతుంది, సిలికా లేకపోయినా సరే. కాకపోతే పాలీకార్బొనేట్ మీద మోనోమర్ ధారగా పోస్తే సన్నటి పగుళ్లు వస్తాయి, బ్రష్ తడిపి రాయాలి. అసిటల్, పాలీప్రొపిలీన్ మీద కుర్చీ పక్క రీలైన్ జోలికి వెళ్లకండి.

మెత్తటి లైనర్ అడిగేవాళ్లు ఎక్కువే. నైలానే మెత్తన కదా, దాని మీద ఇంకో మెత్తనిది పడుతుందిలే అనుకుంటారు. సిలికాన్ లైనర్‌తో వచ్చే ప్రైమర్ యాక్రిలిక్ కోసం చేసింది, యాక్రిలిక్‌నే కరిగించి పట్టుకుంటుంది, నైలాన్ మీద ఊరికే ఆరిపోతుంది. పుండు మానేదాకా టిష్యూ కండిషనర్ (చిగురుకి ఊరటనిచ్చే తాత్కాలిక మెత్తటి పొర) వేయాలంటే గుంటలు తొలిచి, అంచు చుట్టూ తిప్పి వేయండి, తొందరగా మార్చాల్సిందే.

పేషెంటుతో ఏం చెప్పాలి

డబ్బు తీసుకునే ముందే చెప్పండి. "మామ్మా, ఇప్పుడు వేసేది కొన్నాళ్లకే, పూర్తిగా బాగుండాలంటే ల్యాబ్‌కి పంపాలి, అన్ని రోజులు పళ్లు ఉండవు" అని తెలుగులోనో ఒడియాలోనో సూటిగా. ఎక్కువ చెబితే భయపడి పోతారని దాచేవాళ్లు ఉన్నారు, ఊడొచ్చాక ఊరంతా చెప్పేది ఆ దాచిన సంగతే. వేడినీళ్లలో వేయొద్దనండి, బ్లీచింగ్ నీళ్లు వద్దనండి, గుడాకు పెట్టిన వేలితోనే సెట్టు తోమొద్దనండి. మెత్తటి బ్రష్, చన్నీళ్లు చాలు.

మళ్లీ వచ్చినప్పుడు సెట్టు ఆరబెట్టి ప్రోబ్ మొనని అంచు గీత వెంట నడిపించండి. ఎక్కడైనా మొన కిందికి దూరితే ఆ చోట ఒక్కటే నింపకండి, లోపల అప్పటికే తడి చేరి ఉంటుంది. పొర మొత్తం పీకేసి, శుభ్రంగా రుద్ది మళ్లీ వేయండి. అదే చోట రెండోసారీ లేస్తే ప్లేటు అక్కడ వంగుతోందన్నమాట, ఇంకో పొర వేయకుండా ల్యాబ్‌కి పంపేయండి.